‘ప్రేమాభిమానములచే’ రాసిచ్చిన ఇల్లు తిరిగి వస్తుందా?

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట, జిరాక్సు షాపు పక్కన కూర్చునే దస్తావేజు లేఖరి దగ్గర ఒక నమూనా ఉంటుంది. తల్లి కొడుక్కి ఇల్లు రాసినా, తాత మనవడికి ఎకరం పొలం రాసినా పేర్లు, సర్వే నంబర్లు, హద్దులు మారతాయి. మిగతాదంతా అదే పాఠం. ‘నీవు నా కుమారుడవైనందున, నీ యందు నాకు గల ప్రేమాభిమానములచే, దిగువ షెడ్యూలు ఆస్తిని నీకు దానముగా ఇచ్చి నేటి దినమే స్వాధీనపరచినాను. నీవు పుత్రపౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో అనుభవించగలవాడవు. ఇకపై నాకు గానీ, నా వారసులకు గానీ ఈ ఆస్తిలో ఏ విధమైన హక్కులు లేవు.’ కింద సంతకం లేదా వేలిముద్ర. ఇద్దరు సాక్షులు. ఒక ఫోటో.

ఇంత పకడ్బందీగా రాసిన కాగితంలో ఒక్క సంగతి ఉండదు. ఆస్తి ఇచ్చేసిన మనిషి రేపటి నుంచి ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి, జ్వరం వస్తే ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టాలి అన్నది. అది ఇంట్లో అందరికీ తెలిసిన మాటే. ‘కన్నతల్లిని చూసుకోక ఎక్కడికి పోతాడు’ అని అప్పుడు అంతా అన్నదే. తెలిసిన మాట కాబట్టే ఎవరూ రాయించరు. రెండు మూడేళ్లు గడిచి, ముందు గది వెనక గదిగా, వెనక గది వరండాగా మారిన తర్వాత ఆ తల్లి కాగితం పట్టుకుని ఎక్కడికి వెళ్లినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: చూసుకుంటాడన్న షరతు ఇందులో ఉందా?

రాసిచ్చిన దానాన్ని మనసు మార్చుకుని వెనక్కి తీసుకోవడం మామూలు చట్టంలో కుదరదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్థిరాస్తి దానం రిజిస్టరై, పుచ్చుకున్నవారు స్వీకరించాక పూర్తయిపోతుంది. ఆ చట్టంలోని 126వ సెక్షన్ చిన్న సందు మాత్రమే వదిలింది. ఫలానాది జరిగితే దానం రద్దవుతుందని ఇద్దరూ ముందే ఒప్పుకుని ఉండాలి, లేదా మోసం, బలవంతం లాంటి కారణాలుండాలి. ‘నాకిష్టం వచ్చినప్పుడు రద్దు చేస్తాను’ అని దస్తావేజులోనే రాసుకున్నా చెల్లదు.

ఇది తెలియక చాలామంది పెద్దలు మళ్లీ అదే లేఖరి దగ్గరికి వెళ్లి ‘రద్దు దస్తావేజు’ రాయించమంటారు. తామిచ్చిందాన్ని తామే రద్దు చేసుకోవచ్చని వాళ్ల నమ్మకం. అమ్మకపు దస్తావేజుల విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే రిజిస్ట్రేషన్ నిబంధనలు మార్చింది. మొదటి దస్తావేజులో ఉన్న పక్షాలన్నీ ఒప్పుకుని సంతకం చేస్తే తప్ప, లేదా న్యాయస్థానం ఉత్తర్వు ఉంటే తప్ప రద్దును నమోదు చేయకూడదన్నది ఆ మార్పు. 2010లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను ఎత్తి చూపి ఏకపక్ష రద్దును తోసిపుచ్చింది. దానం విషయంలోనూ ఒంటిచేత్తో రాసిన రద్దు కాగితం మీద భరోసా పెట్టుకోవడం వృథా. ఖర్చు దండగ, పైగా ‘మీరే రద్దు చేశారుగా, ఇక్కడికెందుకొచ్చారు’ అనిపించుకోవడం అదనం.

వేరే దారి 2007లో వచ్చింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం దాని పేరు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అన్న తేడా లేకుండా అందరికీ వర్తిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీనికి 2011లో నిబంధనలు రూపొందించింది. ఈ చట్టం రెండు వేర్వేరు పనులు చేస్తుంది. ఈ రెండింటినీ కలగలిపి చూడటం వల్లే సగం గందరగోళం. మొదటిది, పిల్లల నుంచి నెలనెలా పోషణ ఖర్చు ఇప్పించడం. రెండోది, రాసిచ్చిన ఆస్తిని తిరిగి ఇప్పించడం. ఆస్తి ఇచ్చినా ఇవ్వకపోయినా పోషణ అడగవచ్చు. ఆస్తి తిరిగి రావాలంటే మాత్రం 23వ సెక్షన్ గుమ్మం దాటాలి.

ఆ గుమ్మానికి మెట్లు కొన్ని ఉన్నాయి. రాసిచ్చినవారు వయోవృద్ధులై ఉండాలి, అంటే 60 ఏళ్లు నిండి ఉండాలి. పోషణ అడగడానికి తల్లిదండ్రులకు వయసుతో పని లేదు. యాభై అయిదేళ్ల తల్లి కూడా అడగవచ్చు. కానీ 23వ సెక్షన్ మాట్లాడేది వయోవృద్ధుల గురించే. దస్తావేజు ఈ చట్టం అమల్లోకి వచ్చిన తర్వాతదై ఉండాలి. 1998లో రాసిచ్చిన ఇంటికి ఇది పనికిరాదు. కనీస సౌకర్యాలు, శారీరక అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చి ఉండాలి. పుచ్చుకున్నవారు అవి చూడటం మానేసి ఉండాలి. ఇవన్నీ ఉంటే ఆ బదిలీ మోసంతోనో, బలవంతంతోనో, అనుచిత ప్రభావంతోనో జరిగినట్టే చట్టం భావిస్తుంది. ఆ పెద్దాయనో పెద్దావిడో కోరితే ఈ చట్టం కింద ఏర్పాటైన ట్రిబ్యునల్ దాన్ని చెల్లదని ప్రకటిస్తుంది. ‘దానం లేదా మరో విధంగా’ అని చట్టంలో ఉంది కాబట్టి సెటిల్‌మెంటు, హక్కు విడుదల లాంటి దస్తావేజులూ దీని కిందికి వస్తాయి.

గొడవంతా ‘షరతు మీద’ అన్న ముక్క దగ్గరే. దీనిపై సుప్రీంకోర్టు రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవాలి. విడివిడిగా చదివిన వాళ్లు ఒకరు ‘ఏ ఆస్తయినా వెనక్కి వచ్చేస్తుంది’ అంటారు, మరొకరు ‘ఏదీ రాదు’ అంటారు. రెండూ తప్పే.

మొదటిది 2022 డిసెంబరులో వచ్చింది. ఒక తల్లి తన కుమార్తెలకు అనుకూలంగా హక్కు విడుదల దస్తావేజు రాసింది. తర్వాత వారు తనను పట్టించుకోవడం లేదని ట్రిబ్యునల్‌కు వెళితే అక్కడ దస్తావేజు చెల్లదన్నారు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. కన్నవారు పిల్లలకు ఆస్తి రాసేటప్పుడు ప్రేమతో రాస్తారు, పోషణ షరతు అన్నిసార్లూ ఉండదు. ఉందని చెప్పేవారు ట్రిబ్యునల్ ముందు ఆ మాట చెప్పాలి, రుజువు చేయాలి అన్నది తీర్పు సారం. ఆ కేసులో తల్లి తన అర్జీలో షరతు ఊసే ఎత్తలేదు.

రెండోది 2025 జనవరి 2 నాటిది, మధ్యప్రదేశ్ కేసు. 1968లో కొన్న ఆస్తిని తల్లి 2019 సెప్టెంబరులో కొడుక్కి దానంగా రాసిచ్చింది. కొడుకు తల్లిని పోషిస్తున్నాడన్న మాట దస్తావేజులోనే ఉంది. జీవితాంతం చూసుకుంటానని, చూసుకోకపోతే దానం వెనక్కి తీసుకోవచ్చని కొడుకు అదే రోజు రాసిచ్చినట్టు చెబుతున్న వేరే హామీ పత్రం కూడా ఉంది. అది దొంగ కాగితమని కొడుకు వాదన. కింది అధికారి, కలెక్టరు, హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తల్లి పక్షాన నిలిచాయి. హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం మాత్రం దానపత్రంలో రద్దు షరతు స్పష్టంగా లేదని కొడుకు వైపు తిరిగింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. ఇది పెద్దల మేలు కోసం పుట్టిన చట్టం, అక్షరాలు పట్టుకుని వేలాడకుండా ఉదారంగా చదవాలని చెప్పి, ఫిబ్రవరి 28 లోపు ఆస్తిని తల్లికి స్వాధీనం చేయమంది.

రెండు తీర్పుల్నీ కలిపితే తేలేది ఏమిటి? షరతు ఉండాలి; అది ఫలానా మాటల్లోనే, ఫలానా చోటే ఉండాలన్న పట్టుదల కోర్టుకు లేదు. దస్తావేజులో ‘నన్ను పోషించుచున్నందున’ అన్న ఒక్క ముక్క ఉన్నా అది ఆధారమే. విడి కాగితం, కులపెద్దల ముందు రాసుకున్న ఒప్పందం, పంపకాలప్పటి ఫారిఖత్తు (వేరుపడినట్టు రాసుకునే పత్రం), ఆ సమయంలో అన్నదమ్ముల మధ్య నడిచిన వాట్సాప్ మాటలు, అన్నీ పనికొస్తాయి. మద్రాసు హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం 2025 మార్చిలో మరో అడుగు వేసి, ప్రేమాభిమానాలతో రాశానని ఉంటే ఆ ప్రేమ కొనసాగాలన్నదే అంతర్లీనమైన షరతని చెప్పింది. మనసుకు హాయిగా ఉన్న మాటే. కానీ అది తెలుగు రాష్ట్రాల హైకోర్టులు తప్పక పాటించాల్సిన తీర్పు కాదు. 2022 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఇంకా బతికే ఉంది. మద్రాసు తీర్పు మీద ఆధారపడి అర్జీ రాసుకోవచ్చు గానీ, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

అందుకే అర్జీలో ‘నా కొడుకు నన్ను చూడటం లేదు’ అని నాలుగు పేజీలు రాసి, ‘చూస్తానన్న మాట మీదే రాసిచ్చాను’ అన్న వాక్యం మరచిపోతే మొదటికే మోసం. ఎప్పుడు, ఎవరి సమక్షంలో, ఏ మాట అన్నాడో రాయాలి. సాక్షి సంతకం చేసిన పక్కింటాయన ఆ మాట విని ఉంటే ఆయన పేరూ రాయాలి.

ఈ అర్జీ ఎవరికివ్వాలి? కోర్టుకు కాదు. రెవెన్యూ డివిజన్ స్థాయిలో ఉండే ట్రిబ్యునల్‌కు. మన దగ్గర ఆర్డీవో లేదా సబ్ కలెక్టరు దీనికి అధ్యక్షులు. పెద్దవారు ఉన్న చోటైనా, ఇంతకుముందు ఉన్న చోటైనా, పిల్లలున్న చోటైనా వేయవచ్చు. కదల్లేని స్థితిలో ఉంటే వారు అధికారమిచ్చిన మనిషి లేదా సంస్థ వేయవచ్చు. ట్రిబ్యునల్ తనంత తానుగానూ కేసు చేపట్టవచ్చు. చాలామంది సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో అర్జీ ఇచ్చి, రశీదు జేబులో పెట్టుకుని వచ్చేస్తారు. అది కదిలి కదిలి ఆర్డీవో బల్ల మీదికి చేరవచ్చు. మామూలు ఫిర్యాదుగా పోలీసులకో తహసీల్దారుకో మళ్లిపోనూ వచ్చు. నేరుగా ఆర్డీవో కార్యాలయంలోనే ‘2007 చట్టం కింద ట్రిబ్యునల్‌కు అర్జీ’ అని పైన రాసి ఇచ్చి, నంబరు వేయించుకోవడం మేలు.

వయసు రుజువు, దస్తావేజు నకలు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రం), ఆస్పత్రి బిల్లులు, పిల్లల చిరునామాలు జత చేయాలి. చేతిలో దస్తావేజు లేకపోతే కంగారు పడనక్కర్లేదు. కొడుకు తీసుకెళ్లి దాచినా సబ్ రిజిస్ట్రార్ దగ్గర ధ్రువీకరించిన నకలు దొరుకుతుంది. ఆ నకలు చేతికొచ్చాక ముందు ఒకరితో పూర్తిగా పైకి చదివించుకోవాలి. సెటిల్‌మెంటు అనుకున్నది అమ్మకం దస్తావేజుగా ఉండటం, ఇల్లు అనుకున్నచోట ఇల్లూ ఖాళీ స్థలమూ రెండూ ఉండటం, తాను వీలునామా మీద వేలిముద్ర వేశాననుకున్న మనిషికి అది దానపత్రమని తేలడం, ఇలాంటివి అక్కడే బయటపడతాయి. మోసం జరిగిందని అక్కడ తేలితే కథ వేరు. షరతు లేకపోయినా, 2007కు ముందుదైనా సివిల్ కోర్టు తలుపు తట్టవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ‘అనుచిత ప్రభావం’ అన్న భావన ఇలాంటి వాటికే ఉంది. తన మీద ఆధారపడ్డ ముసలి మనిషి చేత అన్యాయమైన లావాదేవీ చేయించుకున్నవాడే అది సవ్యంగా జరిగిందని నిరూపించుకోవాలి. సంతకం నాటికి మతిమరుపు జబ్బు ముదిరి ఉంటే అప్పటి వైద్య పత్రాలే ప్రాణం. అయితే మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్ల గడువు దాటకూడదు.

ట్రిబ్యునల్ ముందుగా రాజీకి పంపవచ్చు; దానికి ఒక నెల. నోటీసు అందిన నాటి నుంచి పోషణ అర్జీని 90 రోజుల్లో తేల్చాలని చట్టం, తప్పనిసరైతే మరో 30 రోజులు. ఇది కాగితం మీది లెక్క. ఆర్డీవో అంటే భూసేకరణ, ఎన్నికలు, వరదలు, ధాన్యం కొనుగోళ్లు, మంత్రుల పర్యటనలు అన్నీ చూసే మనిషి. వాయిదా రోజున ఆయన క్యాంపులో ఉంటే మోకాళ్ల నొప్పులతో బస్సెక్కి వచ్చిన పెద్దావిడ వెనక్కి వెళ్లాల్సిందే. న్యాయమూర్తి కాని అధికారికి ఈ పని అప్పగించడంలో ఉద్దేశం తొందరగా తేలాలని. తొందర సంగతి అలా ఉంచితే, 2022 తీర్పు లాంటివి చూసినప్పుడల్లా సాక్ష్యాలు నమోదు చేయడంలో అనుభవం లేకపోవడం పెద్దల కేసునే దెబ్బతీస్తోందని నాకనిపిస్తుంది. జాలితో ఇచ్చిన ఉత్తర్వు, షరతు మీద ఒక్క వాక్యం లేకపోతే, హైకోర్టులో నిలబడదు.

నెలవారీ పోషణకు ట్రిబ్యునల్ ఇప్పించగలిగే గరిష్ఠ మొత్తం 10,000 రూపాయలు. ఈ పరిమితి తీసేయాలని, అల్లుళ్లను, కోడళ్లను కూడా బాధ్యుల జాబితాలో చేర్చాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. ఆ సభ గడువుతో పాటే బిల్లూ పోయింది. ఇవాళ ఒక డయాలిసిస్ రోగికి పది వేలు ఏ మూలకు? అంతకన్నా ఎక్కువ కావాలంటే పాత సీఆర్‌పీసీ 125 స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లవచ్చు. అక్కడ పరిమితి లేదు. అయితే పోషణ కోసం ఈ రెండింట్లో ఒక్కదాన్నే ఎంచుకోవాలి. ఉత్తర్వు వచ్చాక డబ్బు కట్టకపోతే వారంటు, నెల వరకు జైలు ఉంటాయి. పిల్లలు లేని పెద్దలైతే, వారి ఆస్తి అనుభవిస్తున్న లేదా వారి తర్వాత దక్కించుకోబోయే వారసుడి మీద వేయవచ్చు.

ట్రిబ్యునల్‌లో వకీళ్లు వాదించకూడదని 17వ సెక్షన్ అంటుంది. కేరళ హైకోర్టు 2021లో ఈ నిషేధం నిలవదని చెప్పింది. మిగతా చోట్ల ఒక్కో తీరుగా నడుస్తోంది. వకీలు పక్కన కూర్చోకపోయినా అర్జీ రాసిపెట్టడానికి ఏ అడ్డంకీ లేదు. కోర్టు ప్రాంగణంలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆ పని ఉచితంగా చేస్తుంది. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేదు. ఫోను నంబరు 15100. ఇది కాక పెద్దల కోసమే 14567 ఉంది. హైదరాబాద్‌లో టాటా ట్రస్ట్స్ చొరవతో మొదలై 2021లో దేశమంతటికీ విస్తరించిన సేవ ఇది. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతుంది. వదిలేసిన పెద్దలను కలవడానికి మనుషులు వెళతారు, చట్టం గురించి చెబుతారు. కింద ఓడితే 60 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. చట్టం అప్పీలు హక్కును పేరు పెట్టి పెద్దలకే ఇచ్చింది. పిల్లలకూ ఉందా అన్నదానిపై హైకోర్టులు ఏకాభిప్రాయంతో లేవు.

ఇక ఇల్లు ఇంకా తల్లిదండ్రుల పేరు మీదే ఉండి, కొడుకూ కోడలూ అందులో ఉంటూ వాళ్లనే ఏడిపిస్తున్న కేసులు. ఇక్కడ మొదట వినిపించే బెదిరింపు ‘ఇది తాతల ఆస్తి, నాకూ వాటా ఉంది’. తండ్రి తన సంపాదనతో కొన్న ఇంట్లో తండ్రి బతికుండగా కొడుక్కి వాటా లేదు. అక్కడ ఉండటం తండ్రి ఇచ్చిన అనుమతి మాత్రమే. ఖాళీ చేయించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది, కానీ ప్రతి కేసులోనూ ఖాళీ చేయించి తీరాలని కాదని 2025 మార్చిలో గుర్తుచేసింది. పెద్దల రక్షణకు అది అవసరమా అని చూడాలి. కోడలి విషయం మరీ సున్నితం. గృహహింస చట్టం కింద ఆమెకు ఉమ్మడి కాపురపు ఇంట్లో ఉండే హక్కు ఉంది. అత్తమామల పేరుతో వేసిన అర్జీతో ఆ హక్కును ఎగరగొట్టడం కుదరదని 2020 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ జాగ్రత్తకు కారణం లేకపోలేదు. భార్యను వదిలించుకోవడానికి తల్లి చేత అర్జీ వేయించే కొడుకులు ఉన్నారు.

అదే గృహహింస చట్టాన్ని తల్లి కూడా వాడుకోవచ్చన్నది చాలామందికి తట్టదు. కొట్టినా, తిట్టినా, పింఛను లాక్కున్నా, నగలు అమ్ముకున్నా, అన్నం పెట్టకుండా ఏడిపించినా కొడుకు మీద ఆమె ఆ చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. ఎదుటివారు మగవారే కావాలన్న నిబంధనను 2016లో సుప్రీంకోర్టు తీసేసింది కాబట్టి కూతురి మీదా, కోడలి మీదా కోరవచ్చు. తండ్రికి మాత్రం ఈ చట్టం లేదు.

దస్తావేజు లేకుండా జరిగే దోపిడీ ఇంకా నిశ్శబ్దం. ఏటీఎం కార్డు, దాని పిన్ను కొడుకు దగ్గర. పింఛను పడిన రోజే ఖాళీ. ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకు ముందే తెగిపోతుంది. బంగారం ‘లాకర్లో పెడతాను’ అని తీసుకెళ్లి తాకట్టు కొట్టుకు చేరుతుంది. పోలీసు స్టేషన్‌కు వెళితే ‘ఇది మీ ఇంటి గొడవ, సివిల్ కేసు’ అంటారు. నమ్మి అప్పగించిన సొమ్మును కాజేయడం భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నేరమే, మోసం 318 కింద, దొంగ సంతకం ఫోర్జరీ కింద. చేసింది కన్నకొడుకైతే మాఫీ అని ఎక్కడా లేదు. చూసుకోవలసిన పెద్దలను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడో విడిచిపెట్టడం 2007 చట్టంలోనే నేరం, మూడు నెలల వరకు జైలు. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి లేదా కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, ఆ తర్వాత మేజిస్ట్రేట్. ఇంటివాళ్లు కాకుండా ఫోనులో ‘డిజిటల్ అరెస్టు’ అంటూ బెదిరించి దోచిన వాడైతే ఆ గంటలోనే సైబర్ నేరాల ఫోను నంబరు 1930కి చెప్పాలి; ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

బ్యాంకులో ‘ఇద్దరిలో ఎవరైనా’ అని జాయింటు ఖాతా చేయడం అంటే బీరువా తాళం ఇచ్చేసినట్టే. నడవలేకపోతే బ్యాంకుకు ‘మాండేట్’ ఇవ్వవచ్చు. దాంతో పిల్లలు మీ తరఫున డబ్బు తీయగలరు గానీ ఖాతా మీదే, ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. డెబ్బై దాటిన వారికి ఇంటికొచ్చి సేవలందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లలో దోపిడీ తీరు వేరు. అక్కడ తరచూ చేసేది పిల్లలు కాదు; ఊళ్లో ‘అన్నీ నేను చూసుకుంటాలే’ అని జీపీఏ (యజమాని తరఫున లావాదేవీలు చేసే అధికారమిచ్చే పత్రం) రాయించుకున్న దగ్గరి బంధువు. ఆ జీపీఏతో అద్దెలు ఎవరికి చేరుతున్నాయో, పొలం ఎవరి పేరున పడిందో ఆరు నెలలకోసారి ఈసీ తీసి చూస్తే తెలుస్తుంది. ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. అనుమానం రాగానే రద్దు పత్రం రిజిస్టరు చేసి, ఆ మనిషికి నోటీసు పంపి, సబ్ రిజిస్ట్రార్‌కూ బ్యాంకుకూ తెలియజేయాలి. రద్దు సంగతి తెలియని మూడో వ్యక్తితో ఈలోపు లావాదేవీ జరిగిపోతే చిక్కు.

ఇంకా రాయని వాళ్ల సంగతి. బతికుండగా ఆస్తి రాయాలని ఎవరైనా తొందర చేస్తుంటే, వీలునామా సరిపోదా అని ముందు అడగాలి. వీలునామా చనిపోయాకే పని చేస్తుంది, అప్పటిదాకా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించుకుంటే మంచిది. ‘వీలునామా అయితే రేపు తగాదాలొస్తాయి, సెటిల్‌మెంటే మేలు’ అన్న సలహా పుచ్చుకునేవాడి నోట వస్తే ఆలోచించాలి. తప్పదనుకుంటే లేఖరి నమూనాను పక్కన పెట్టించి ఈ నాలుగు వాక్యాలు రాయించాలి: ‘ఈ ఆస్తిని నీకు ఇచ్చుటకు షరతు ఏమనగా, నా జీవితాంతము నాకు ఇదే ఇంటిలో నివాసము, భోజనము, బట్టలు, వైద్యము నీవు సమకూర్చవలెను. ఈ ఇంటిలో నివసించు హక్కు, దీనిపై వచ్చు అద్దెలు అనుభవించు హక్కు నా జీవితాంతము నాకే ఉండును. ఈ షరతులు తప్పినచో 2007 నాటి వయోవృద్ధుల చట్టము 23వ సెక్షన్ ప్రకారము ఈ దస్తావేజును రద్దు చేయించుకొనుటకు నాకు పూర్తి హక్కు కలదు. ఇందుకు సమ్మతించి నీవును ఈ దస్తావేజుపై సంతకము చేసినావు.’ చివరి వాక్యం ముఖ్యం. దానంలో సాధారణంగా ఇచ్చేవారి సంతకంతోనే సరిపెడతారు. పుచ్చుకునేవాడూ సంతకం చేస్తే ‘షరతు నాకు తెలియదు’ అనడానికి ఉండదు. ఈ వాక్యాలు చదివి కొడుకు ముఖం మాడ్చుకుంటే అది కూడా ముందే తెలుసుకోవలసిన విషయమే.

చివరగా ఒక చేదు సంగతి. ఈ అర్జీలన్నీ అమ్మలవీ నాన్నలవీ కావు. ఆస్తి దక్కని అన్న, దక్కిన తమ్ముడి మీద అమ్మ పేరుతో నడిపే కేసులూ ఉన్నాయి. ఆమె వేలిముద్ర మొన్న ఒకరికి అక్కరకొచ్చింది, నిన్న ఇంకొకరికి. గెలిస్తే ఇల్లు తిరిగి ఆమె పేరున వచ్చి, వారం తిరక్కుండా పెద్దకొడుక్కి సెటిల్‌మెంటు అయిపోతుంది. అందుకే సహాయం చేయడానికి వెళ్లిన కూతురైనా, వకీలైనా, వాలంటీరైనా మిగతావారిని బయటికి పంపి ఆ పెద్దావిడతో పది నిమిషాలు ఒంటరిగా కూర్చోవాలి. ఆస్తి రద్దు, పోషణ ఖర్చు రెండు వేర్వేరు కోరికలు. రెండూ అడగాలనేం లేదు. ఇల్లు వాడికే ఉండనీ, నాకు నా గది తాళం చెవి, నా పింఛను పుస్తకం ఇప్పిస్తే చాలని ఆమె అంటే, అర్జీలో అంతే రాయాలి.